కోరా గుడ్డ మీద ఐదు చుక్కలు

డెబ్బై తొమ్మిదో సంవత్సరం, శెనక్కాయ పీకే కాలం. నంద్యాలలో మా పాత సామాన్ల అంగడి నా చేతికి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. మా ఆయన పోయిన నెలకే నేను అంగట్లో కూర్చున్నాను. ఆ అంగట్లో యజమాని నేనే, గుమాస్తా నేనే, సామాను మోసే కూలీ కూడా నేనే. నాకు పై అధికారి ఎవరూ లేరు కాబట్టి నేను చేసిన తప్పులకు నన్ను తిట్టే పని కూడా నేనే చేసుకోవలసి వచ్చింది. చదువు లేదు. సంతకం వరకు వచ్చు, అది కూడా తొందరపెడితే రాదు. ఇప్పుడు నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది.

మా అంగడిలో ఎక్కువగా అమ్ముడయ్యేవి చక్రాలు. చక్రం అంటే టైరు కాదు, టైరు ఎక్కించే ఇనుప భాగం. దాన్ని మా వ్యాపారంలో డిస్కు అంటారు. డిస్కు నడిమిన ఒక పెద్ద బొక్క, దాని చుట్టూ చిన్న బొక్కలు ఉంటాయి. బండి ఇరుసు చివర ఉండే హబ్బు నుంచి బోల్టులు బయటికి పొడుచుకుని వస్తాయి, వాటిని స్టడ్డులు అంటాం. చిన్న బొక్కల్లో స్టడ్డులు దూరాలి, పైన నట్లు బిగించాలి. చూడడానికి అన్ని డిస్కులూ ఒక్కటే. కానీ ఒక బండికి నాలుగు బొక్కలు, ఒకదానికి ఐదు, లారీలకు ఇంకా ఎక్కువ. బొక్కల లెక్క ఒకటే అయినా అవి వరసగా ఉన్న చుట్టు పెద్దదో చిన్నదో అయితే పట్టదు. అర వేలెడు తేడా వచ్చినా ఆ చక్రం ఆ బండికి పనికిరాదు. గిరాకీకి అది అర్థం కాదు. "గుండ్రంగానే ఉంది గదమ్మా" అంటాడు.

మిగిలిన అంగళ్ళవాళ్ళు ఇంచుల లెక్క రాసుకునేవాళ్ళు. నాకు అంకెలతో పొసగదు కాబట్టి ఒక గుడ్డ పద్ధతి పెట్టుకున్నాను. స్టడ్డుల కొనలకు గ్రీసు పూసి గుడ్డను గట్టిగా అదిమితే ఐదు స్టడ్డులకు ఐదు చుక్కలు పడతాయి. ఆ చుక్కల మీద చాకలివాళ్ళు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసంతో మళ్ళీ దిద్దుతాను. అది ఎన్ని ఉతుకులకూ పోదు. తర్వాత గ్రీసు జిడ్డు పోవడానికి సోడా వేసి గుడ్డను ఉడకబెట్టి, ఆరేసి, మడిచి నడుముకు దోపుకుంటాను. ఏ షెడ్డుకు పోయినా గుడ్డ తీసి డిస్కు మీద పరిస్తే అయిపోయింది. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు పోలేదు. ఈ గుడ్డలన్నీ మా ఆయన పాత పంచెలు చింపినవి. ఆ విషయం గుర్తుంచుకోవలసిన అవసరం ఉందని నాకు అప్పట్లో తెలియదు.

ఆ కాలంలో ఆళ్ళగడ్డ నుంచి మస్తాన్ అనే డ్రైవరు వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. ఆళ్ళగడ్డలో నూనె మిల్లు నడిపే వెంకటసుబ్బయ్య శెట్టి దగ్గర కారు తోలేవాడు. ఆ కారు శెట్టి నాయన కాలంలో కొన్న సీమ కారు, అంటే బయటి దేశంలో చేసింది. దాని పేరు మస్తాన్ నాకు మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ నా నోరు తిరగలేదు. పొడుగ్గా, నల్లగా, ముందు భాగం గుర్రం మూతిలా ఉండే బండి.

"శెట్టి బామ్మర్ది తోలుకోని పోయినాడు మ్మా, అహోబిలానికి" అన్నాడు మస్తాన్. "నట్లు వదులుగా ఉండాయని చూసుకోల్యా. ముందరి డిస్కులు రెండూ బొక్కలు కోలగా అయిపోయి చీలినాయి. ఇప్పుడు బండి రాళ్ళ మీద ఉండాది."

"ఆళ్ళగడ్డలో దొరకలేదా?"

"యాడా దొరకల్యా. కర్నూలు పోయి వచ్చినా. దీనికి పట్టేటివి లేవన్నారు. శెట్టి జీపు కొంటా అంటాండాడు. జీపు వస్తే దాన్ని బామ్మర్దే తోల్తాడంట. మరి నాకేం పని? ఇరవై ఏండ్లు ఆ బండి తప్ప ఇంగోటి తోలింది లేదు నేను. మిల్లులో మూటలు మోయమంటాడేమో."

నేను వెంటనే అన్నాను: "మస్తానన్నా, నాలుగు కాళ్ళున్న ఏ బండికైనా చక్రం నేను దొరికిస్తా. ఎద్దుల బండయినా సరే."

ఈ మాట నేను అంగడి ముందు నలుగురు వింటుండగా గట్టిగా అన్నాను. గొంతు నాకు మొదటి నుంచీ బొంగురే, రోడ్డు అవతలికి కూడా వినిపిస్తుంది. దాన్ని తగ్గించి మాట్లాడే అలవాటు ఆ రోజూ లేదు.

మరునాడు బస్సెక్కి ఆళ్ళగడ్డ పోయాను. పెద్దింటి కారు కదా, దాని కొలతకు పాత పంచె ముక్క తీసుకుపోతే పరువు తక్కువ అనుకున్నాను. దారిలో గుడ్డల అంగట్లో గజం కోరా గుడ్డ కొన్నాను. కోరా అంటే మగ్గం మీద నుంచి దిగి ఇంకా నీళ్ళు చూడని గుడ్డ. గంజి వాసనతో పెళపెళలాడుతూ ఉంటుంది. శెట్టి ముందు దాన్ని విప్పితే ఎంత బాగుంటుందో అని బస్సులో ఒళ్ళో పెట్టుకుని మురిసిపోయాను.

మిల్లు ఆవరణలో కారు రాళ్ళ మీద కూర్చుని ఉంది. వెనక చక్రాలు రెండూ బాగానే ఉన్నాయి. మస్తాన్ ఒకదాన్ని చూపించి, "దీన్ని ఇప్పి ఎత్తకపో మ్మా, పక్కన పెట్టి చూసుకోవచ్చు" అన్నాడు. న్యాయమైన మాట. కానీ అంత బరువు బస్సు మీదికి ఎక్కించాలి, కండక్టరుతో పోట్లాడాలి. పైగా గుడ్డ పద్ధతి నేను కనిపెట్టింది. "నా గుడ్డ ఉండాది లే అన్నా. చక్రమెందుకు?" అన్నాను.

శెట్టి వచ్చి నిలబడ్డాడు. నేను కోరా గుడ్డను విప్పి ఒక్క విదిలింపు విదిలించి, స్టడ్డుల మీద పరిచి, రెండు అరచేతులతో అదిమాను. ఐదు చుక్కలు చక్కగా పడ్డాయి.

"ఇంతేనా?" అన్నాడు శెట్టి.

"ఇంతే శెట్టీ."

"సరే విను. కార్తీకమాసం రెండో సోమవారం లోపల చక్రాలు రావల్ల. రాకపోతే ఈ బండి నాకొద్దు. పాత ఇనుము కింద నువ్వే తోలుకపో. వేరేవాళ్ళను పిలిచే పని లేదు."

అంటే చక్రాలు దొరికితే నాకు రెండు డిస్కుల వ్యాపారం. దొరకకపోతే ఏకంగా కారు. ఎటు పడినా నాకు లాభమే. దీని వెనక ఉన్న చిక్కు నాకు ఆ రోజు తట్టలేదు. మంచి బేరం కుదిరిందనుకుని ఇంటికి వచ్చాను.

చుక్కల మీద నల్లజీడి పెట్టాను. సోడా వేసి గుడ్డను ఉడకబెట్టాను. ఆరాక తీసి చూస్తే చుక్కల చుట్టు గుండ్రంగా లేదు, కొంచెం కోడిగుడ్డులా ఉంది. పొడుగు వైపు ఎక్కువ కుదించుకుపోయింది మరి. ఇప్పుడు చెబుతున్నాను గానీ, అప్పుడు నేను అనుకున్నది వేరు. పిండేటప్పుడు మెలిపడిందిలే అనుకుని, నాలుగు వైపులా లాగి, నా కంటికి గుండ్రంగా కనిపించేదాకా సాపు చేసి, ఇస్త్రీ పెట్టె కింద పెట్టాను. చక్రానికి కాదు, నా కంటికి సరిపోయేలా కొలత దిద్దుకున్నానన్న మాట.

ఆ గుడ్డ పట్టుకుని పన్నెండు రోజులు తిరిగాను. నంద్యాలలో ఉన్న షెడ్లు అన్నీ అయిపోయాయి. సంజామల పోయాను, ఒక ట్రాక్టరు మెకానిక్ మంచినీళ్ళిచ్చి పంపాడు. మా అంగట్లో ఉన్న డిస్కులను కూడా ఒక్కొక్కటే బయటికి దొర్లించి గుడ్డ పరిచాను. ఏదీ చుక్కలకు సరిపోలేదు. చివరికి గోస్పాడులో ఒక రైతు దొడ్లో, చక్రాల మీదే మూలన పడిన పాత వ్యాను ఒకటి కనబడింది. దాంట్లో కోళ్ళను మూస్తున్నారు. ఒక చక్రం విప్పించి డిస్కు మీద గుడ్డ పరిస్తే ఐదు చుక్కలూ ఐదు బొక్కల నడిమిన పడ్డాయి. నేను అక్కడే చప్పట్లు కొట్టాను. కోళ్ళు బెదిరి అరిచాయి. రైతు భార్య "ఏమైందమ్మే?" అని పరిగెత్తుకు వచ్చింది.

రెండు డిస్కులు కొని, తుప్పు గీకి, నల్ల రంగు వేయించి, శెనక్కాయ మూటల లారీలో ఆళ్ళగడ్డకు తీసుకుపోయాను. గడువు సోమవారం. నేను పోయింది గురువారం. నాలుగు రోజుల ముందే తెచ్చానని గొప్ప.

మిల్లు ఆవరణలో జనం పోగయ్యారు. శెట్టి, ఆయన బామ్మర్ది, గానుగ దగ్గరి కూలీలు అందరూ వచ్చారు. శెట్టి తల్లి వెంగమ్మ అవ్వకు వసారాలో కుర్చీ వేశారు. ఆమె భర్త కొన్న కారు అది. వేరే బండి ఎక్కదట. మస్తాన్ కొత్త డిస్కును రెండు చేతులతో ఎత్తి హబ్బు దగ్గర పెట్టాడు.

రెండు స్టడ్డులు దూరాయి. మూడోది బొక్క అంచుకు తగిలి ఆగింది.

"తిప్పు" అన్నాను. తిప్పాడు. ఈసారి వేరే రెండు దూరాయి, వేరే మూడోది ఆగింది. ఎన్నిసార్లు తిప్పినా ఇంతే.

"సుత్తి తే అన్నా" అన్నాను. ఆ అంగట్లో నేను మొత్తం ఇరవై ఏళ్ళు చేసిన వ్యాపారంలో నా నోటి నుంచి వచ్చిన మాటల్లో ఇంతకంటే సిగ్గుమాలినది లేదు. స్టడ్డు సుత్తికి లొంగేది కాదని అంగడి ముందు టీ అమ్మే మనిషికి కూడా తెలుసు.

మస్తాన్ సుత్తి తేలేదు. డిస్కును కింద పెట్టి నావైపు చూశాడు.

శెట్టి బామ్మర్ది నవ్వాడు. "బావా, నీకింకా అర్థం కాల్యా? చక్రాలు పట్టకపోతే కారు ఎవురికి పోతాది? ఆయమ్మకే గదా. పట్టే చక్రాలు ఎందుకు తెస్తాది?"

ఆ మాట నాకు తట్టని చిక్కు. అక్కడున్న అందరికీ వెంటనే తట్టింది. కూలీలు ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నారు. నేను నోరు తెరిచి "కాదు" అనాలి. కానీ గుడ్డ తీసి హబ్బు మీద పెట్టి చూసేసరికి నాకు సంగతి అర్థమైపోయింది. చుక్కలు స్టడ్డుల లోపలి వైపు పడుతున్నాయి. నేనే ఉడకబెట్టి, నేనే కుదించాను. ఇది బయటికి చెబితే నాలుగు జిల్లాల మెకానిక్కులు చెప్పుకుని నవ్వుతారు. తెలివితక్కువది అనిపించుకోవడం కంటే దొంగ అనిపించుకోవడమే నయం కదా అని ఒక్క క్షణం నిజంగా అనిపించింది. దొంగకు కనీసం తెలివి ఉందంటారు. అందుకని నోరు మూసుకుని నిలబడ్డాను.

మస్తాన్ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "ఓబులమ్మా, బండి కోసం చేసినావా మ్మా? చెప్పు. నేనేమీ అనను. కారు నీకు, మూటలు నాకు. అంతేనా?"

నేను చేతిలో ఉన్న గుడ్డను మడతలు పెడుతూ పోయాను. బొంగురు గొంతు కూడా అవసరానికి ఉండదు.

అంతలో వసారాలో నుంచి వెంగమ్మ అవ్వ పిలిచింది. "మ్మే, ఇట్ల రా. ఆ గుడ్డ ఏందీ? తే సూస్తా."

తీసుకుపోయి ఇచ్చాను. అవ్వకు చూపు మందగించింది. గుడ్డను వేళ్ళ మధ్య పెట్టి నలిపింది, అంచు తడిమింది.

"కోరా గుడ్డ కదే ఇది?"

"అవునవ్వా."

"తడిపినావా?"

"ఉడకబెట్టినా అవ్వా. జిడ్డు పోవల్లని. సోడా ఏసి."

"గుర్తు పెట్టినాక ఉడకబెట్టినావా, పెట్టక ముందా?"

"పెట్టినాక."

అవ్వ నోట్లో పళ్ళు లేవు. ఉన్న చిగుళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. "ఓరి సుబ్బయ్యా! ఇది దొంగ కాదురా. ఉత్త పిచ్చిది. కోరా గుడ్డతో రవిక కుట్టించుకోని, ఉతికినాక చేతులు దూరల్యా అని ఏడ్చే రకం. ఆడపుటక పుట్టి ఇంత వయసొచ్చి ఈ మాత్రం తెలీదా మ్మే నీకి?"

గానుగ దగ్గర పనిచేసే ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకామె పెట్టుకోకుండానే నవ్వింది. మస్తాన్ మాత్రం నవ్వలేదు. "అంత మాత్రానికి నోరు మూసుకున్న్యావేంది? నా గుండె ఆగిపాయె గదమ్మా" అన్నాడు.

"ఆ మాట నేను అడగల్ల నిన్ను. నేను దొంగనా అన్నా?" అన్నాను. అప్పటికి నా గొంతు తిరిగి వచ్చింది.

శెట్టి తల గోక్కుని, "సోమవారం దాకా గడువు ఉండనే ఉంది కదా" అన్నాడు. "సోమవారం నేను యాగంటికి పోవల్ల. ఆ కార్లోనే పోతా" అని అవ్వ కొడుకుకు కాదు, నాకు చెప్పింది.

ఈసారి ఏమీ మాట్లాడకుండా వెనక చక్రాన్ని విప్పించి, టైరు తీయించి, డిస్కు ఒక్కటే తీసుకుని బస్సు దగ్గరికి పోయాను. కండక్టరు "ఏందమ్మా ఇది, మనిషికి టికెట్టా, దీనికి టికెట్టా?" అన్నాడు. "రెండూ కొట్టప్పా, బేగా పోనీ" అన్నాను. నంద్యాల దాకా దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి గతుకుకూ నా మోకాలికి తగులుతూనే ఉంది. తగలనీ అనుకున్నాను.

శుక్రవారం పొద్దున అంగట్లో ఉన్న డిస్కులన్నీ మళ్ళీ బయటికి దొర్లించాను. ఈసారి గుడ్డ లేదు. చక్రానికి ఎదురుగా చక్రం. ఒకదాని మీద ఒకటి పెట్టి, బొక్కల్లో ఐదు నట్టు బోల్టులు దూర్చి చూడడం. ఐదూ ఒకేసారి దూరితే అదే కొలత. పదకొండో డిస్కుకు ఐదూ దూరాయి. అది పాత జీపుది. అలాంటివి నా దగ్గర మరో ఆరు ఉన్నాయి. పన్నెండు రోజులు ఊళ్ళు పట్టుకుని తిరిగింది నా అంగట్లో నా వెనక ఉన్న దానికోసం.

మరి జీపు డిస్కు పడుతుందని ఎవరికీ ఎందుకు తెలియలేదు? తర్వాత మస్తాన్ చెప్పాడు. ఆళ్ళగడ్డ మెకానిక్ మొదటి రోజే జీపు డిస్కు పెట్టి చూశాడట. జీపు డిస్కుకు నడిమి బొక్క చిన్నది, ఈ కారు హబ్బు లావు. డిస్కు హబ్బు దగ్గరే ఆగిపోయింది, స్టడ్డుల దాకా పోనే లేదు. పట్టదు అనేశాడు. ఆయన నడిమి బొక్క చూసి చుట్టు బొక్కలను వదిలేశాడు, నేను గుడ్డ పరిచి చుట్టు బొక్కలు చూసి నడిమిదాన్ని వదిలేశాను. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్ అయ్యేవాళ్ళం.

డిస్కు మీద డిస్కు పెట్టినప్పుడే నడిమి బొక్క తేడా నాకు కనబడింది కాబట్టి, రెండు జీపు డిస్కులకు లేత్ మిషను మీద ఆ బొక్కను కారు డిస్కుకు సమానంగా పెద్దది చేయించాను. లేత్ అతను ఇంచుల కొలత అడిగాడు. నేను కారు డిస్కును ఆయన బల్ల మీద పెట్టి, "ఇదిగో కొలత" అన్నాను. నట్టు మొన బొక్క అంచులో సరిగ్గా కూర్చుంటుందో లేదో కూడా అక్కడే చూశాను. అది సరిగ్గా కూర్చోకపోతే నట్టు ఎంత బిగించినా రెండు రోజుల్లో వదులవుతుంది. అసలు ఈ కారు కథ మొదలైంది వదులు నట్ల దగ్గరే కదా.

ఆదివారం మధ్యాహ్నం ఆళ్ళగడ్డలో మస్తాన్ డిస్కును ఎత్తి పెట్టాడు. ఈసారి నేను దూరంగా, కూలీల వెనక నిలబడ్డాను. ఐదు స్టడ్డులూ ఒకేసారి బయటికి వచ్చాయి.  మస్తాన్ నట్లను ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించుకుంటూ పోయాడు, అదే సరైన పద్ధతి. రెండో చక్రం, నేను విప్పించి తీసుకుపోయిన వెనక చక్రం కూడా ఎక్కించాక బండిని రాళ్ళ మీద నుంచి దించి, ఆవరణలో మూడు చుట్లు తోలి, దిగి మళ్ళీ నట్లన్నీ బిగించాడు. తర్వాత మస్తానే శెట్టి బామ్మర్ది దగ్గరికి పోయి, నట్లు బిగించే వీల్ పానాను అతని చేతిలో పెట్టాడు. "పట్టుకో. బండి తోలే ముందర దీంతో ఒక్కసారి చూసుకోవల్ల. అంతే పని" అన్నాడు. ఆ ఇంట్లో మస్తాన్ అంతకుముందు ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు.

సోమవారం అవ్వను యాగంటికి తోలుకుపోయింది మస్తానే. శెట్టి ఎనభై నాలుగులో జీపు కొన్నాడు. అవ్వ అప్పటికి లేదు. జీపు కూడా మస్తానే తోలాడు. గోస్పాడు వ్యాను డిస్కులు ఏ బండికీ పట్టక నా అంగట్లోనే ఉండిపోయాయి. ఆళ్ళగడ్డ నుంచి వచ్చిన గిరాకీలు కొన్నేళ్ళ దాకా, "అమ్మా, ఉడకబెట్టినవి కాకుండా మామూలువి చూపించు" అని అడిగేవాళ్ళు.

గుడ్డ పద్ధతిని నేను మానలేదు. కొత్త గుడ్డ అయితే రెండుసార్లు ఉతికిన తర్వాతే గుర్తు పెడతాను. గుడ్డతో వెతకవచ్చు గానీ, కొనే ముందు మాత్రం డిస్కును డిస్కు మీద పెట్టి ఐదు బోల్టులూ దూర్చి చూడాలి. చుట్టు బొక్కలు ఎంత ముఖ్యమో నడిమి బొక్క అంతే ముఖ్యం. ఇది వ్యాపారం గురించి. మనుషుల గురించి నేర్చుకున్నది ఒక్కటి. ఓడినా గెలిచినా మనకే లాభం వచ్చే బేరం ఒప్పుకున్నప్పుడు, తప్పు జరిగిన వెంటనే కారణం మన నోటితోనే చెప్పాలి. తెలివితక్కువతనమైతే తెలివితక్కువతనమనే చెప్పాలి. మనం ఆలస్యం చేస్తే దానికి పక్కవాళ్ళు వేరే పేరు పెడతారు.